జాలీ

బాల్టిమోర్‌లో జులై అంటే
తడిగుడ్డ ముఖాన వేసుకుని ఊపిరి తీయడం.
మా కొట్లో ఫ్యాను ఉంది,
రంగు వాసనని ఈ మూల నుంచి ఆ మూలకి మోయడానికి.

పొద్దున్నే మార్కెల్ వచ్చాడు, పడమటి పేట వాడు.
వెనకాల ముగ్గురు. ఒకడు కాలితో తాళం వేస్తున్నాడు,
ఇంకా పుట్టని పాటకి.
"అరవై టీషర్టులు. నల్లవి. మోకాళ్ళ దాకా రావాలి.
ఛాతీ నిండా పసుపు అక్షరాలు."
పిజ్జా డబ్బా మూత మీద రాసుకొచ్చాడు:
తూర్పోళ్ళ ర్యాప్‌కి
మా కుక్క కూడా తల ఊపదు.

నేను నవ్వలేదు. ధర చెప్పాను.
బేరమాడి, కుక్క బొమ్మ ఊరికే వేయమన్నాడు.
వేశాను, ఒక చెవి వంచి.

మధ్యాహ్నం తూర్పు నుంచి ఒక్టావియా.
చేతిలో ఐస్‌గోలా, నాలుక నీలం.
ఆ నాలుకతోనే
శనివారాలు ఫ్లైఓవర్ కింద మైకు పట్టుకుని
మగపిల్లల్ని ఉతికి ఆరేస్తుంది.
కుక్క సంగతి అప్పటికే తెలుసామెకి.
ఈ ఊళ్ళో రంగు ఆరేలోపే కబురు ఏరు దాటుతుంది.
"అరవై ఒకటి. తెల్లవి," అంది.
అరచేతిలో రాసుకున్నది తెరిచి చూపించింది:
సూర్యుడు మా వైపు లేస్తాడు.
మీ వైపు చస్తాడు.

అర్నెట్టా అత్త కళ్ళద్దాలు ముక్కు చివరికి దించింది.
ఆమె కొట్టు, ఆమె చట్టం:
పేట పేరు వేస్తాం, మనిషి పేరు వేయం.
"సూర్యుడు మనిషి కాదుగా," అంది ఒక్టావియా.
అత్త కాసేపు పైకి చూసి ఒప్పుకుంది.
ఆ చట్టం ఎందుకో ఎవరూ అడగరు.
ఆ ఏడాది మేం ఒకే కుర్రాడి ఫొటో
నూట నలభై చొక్కాల మీద అచ్చేశాం,
రెండు పేటలకీ కలిపి.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
ఇక్కడ నోరు గుండెల మీద తొడుక్కుంటారు,
నూటికి నూరు పాళ్ళు నూలు,
చన్నీళ్ళలో, తిరగేసి ఉతకాలి.

ఫ్రేములు తక్కువ మాకు.
రాత్రి కూర్చుని మార్కెల్ మాటల్ని
మందు పోసి తోమి, గొట్టంతో నీళ్ళు కొట్టి,
అదే ఫ్రేము మీద ఒక్టావియా సూర్యుణ్ణి ఎక్కించాను.
జాలీకి జాలి లేదు.
ఒకసారి తనలోంచి పోయిన మాటని
అది మరిచిపోదు.

శనివారం, స్పీకర్లకి స్తంభాలు వణుకుతుంటే,
ఎండ ఏటవాలుగా లోపలికొచ్చింది.
అరవై ఒక్క తెల్ల ఛాతీల మీద, సూర్యుడి వెనక
పొగ మరకలా
చెవి వంగిన కుక్క.

ముందు చూసింది మార్కెలే.
పాట మధ్యలో ఆగి వేలు చూపించాడు.
ఎవరో బీటు ఆపారు.
ఎవరి చెయ్యి ఏ జేబులోకి పోతుందో
నేను లెక్కపెట్టడం మొదలెట్టాను.
ఏడు దాకా లెక్కపెట్టాను.
ఒక్టావియా మెడ వంచి తన చొక్కా తనే చదువుకుని,
మైకులోకి మొరిగింది.
ఒకే ఒక్కసారి.

నవ్వినవాళ్ళు నవ్వారు.
నవ్వనివాళ్ళలో ఇద్దరు సోమవారం
డబ్బు వెనక్కిమ్మని వచ్చారు.
ఒకడు డబ్బు తీసుకుని, చొక్కా కూడా తొడుక్కునే వెళ్ళాడు.

ఇప్పుడు బల్ల మీద టాలివర్ కుటుంబం వాళ్ళ ఆర్డరు.
ఏటా ఆగస్టులో పార్కులో కలుస్తారు,
చంటివాడి నుంచి ముత్తవ్వ దాకా
మూడు వందల గులాబీ చొక్కాలు.
ఫ్రేముని కిటికీకి ఎత్తిపట్టాను.
కుక్క ఉంది. సూర్యుడూ ఉన్నాడు.
వేళ్ళ చర్మం ఊడేదాకా తోమాను.

"వేసెయ్," అంది అత్త, తల ఎత్తకుండా.
"అంత దగ్గరికొచ్చి చదివేది
కావిలించుకునేవాళ్ళే."

నేను తెల్ల రంగు పోశాను.